జిరాఫీల పోస్టు కింద షేర్ మార్కెట్ గోడు

2024 ఫిబ్రవరి 2న బీజింగ్‌లోని అమెరికా ఎంబసీ తన వీబో ఖాతాలో అడవి జిరాఫీల సంరక్షణ గురించి ఒక పోస్టు పెట్టింది. ట్విటర్‌ను అనుమతించని చైనాలో ఆ పని చేసిపెట్టే వేదిక వీబో. మామూలు రోజుల్లో అయితే చూసిన నలుగురూ చూసి వదిలేసే సరుకు అది. రెండు రోజులు తిరిగేసరికి దాని కింద లక్షా ముప్పై వేల దాకా వ్యాఖ్యలు పడ్డాయి. వాటిలో జిరాఫీల ఊసు తక్కువే. చైనా షేర్ మార్కెట్ ఐదేళ్ల కనిష్ఠానికి పడిపోయిన వారం అది. డబ్బు పోగొట్టుకున్న చిన్న మదుపర్లు తమ గోడంతా అక్కడ వెళ్లబోసుకున్నారు. షాంఘై ఎక్స్ఛేంజీ మీద వేయడానికి నాలుగు క్షిపణులు ఇస్తారా అని అడిగినవాళ్లూ ఉన్నారు.

వాళ్లకు అమెరికా మీద ప్రేమ పొంగి అక్కడికి రాలేదు. సొంత దేశపు పేజీల్లో మార్కెట్ గురించి గట్టిగా మాట్లాడితే ఆ వ్యాఖ్య ఉంటుందో పోతుందో తెలియదు. ఆ సమయానికి తలుపు తెరిచి కనిపించిన ఇల్లు ఎంబసీ పేజీ. ఎంబసీ సిబ్బంది దీన్ని ప్లాన్ చేయలేదు, ఆపనూ లేదు. సోషల్ మీడియాలో రాయబార కార్యాలయాలు చేసే పనిని అర్థం చేసుకోవడానికి వాళ్లు గొప్పగా చెప్పుకునే ప్రచారాలకన్నా ఇలాంటి సంఘటనలే ఎక్కువ పనికొస్తాయి. పేజీ నడిపేది ఎంబసీ. అది దేనికి పనికొస్తుందో తేల్చేది మాత్రం అక్కడి జనం.

పరాయి దేశపు ప్రభుత్వంతో కాకుండా నేరుగా అక్కడి ప్రజలతో మాట్లాడే పనిని ప్రజా దౌత్యం అంటున్నారు. అమెరికాలో ఈ మాట 1965లో, టఫ్ట్స్ యూనివర్సిటీకి చెందిన ఎడ్మండ్ గలియన్ వాడాక స్థిరపడింది. పని మాత్రం అంతకన్నా పాతది. తెలుగువాళ్లకు దీన్ని ఎవరూ కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఢిల్లీలోని సోవియట్ ఎంబసీ సమాచార విభాగం తెచ్చిన ‘సోవియట్ భూమి’ ఒక తరం ఇళ్లలోకి వచ్చేది. దాని నున్నటి రంగుల కాగితం బడిపిల్లల పుస్తకాలకు అట్టలుగా మారేది. అట్ట మీది ట్రాక్టర్ బొమ్మను ఏడాది పొడుగునా చూసిన పిల్లలు రష్యాను ఎంత ప్రేమించారో ఎవరూ లెక్క కట్టలేదు. కట్టే వీలూ లేదు. పత్రిక వచ్చేది, చదివేవాళ్లు చదివేవాళ్లు. తిరిగి జవాబు చెప్పే దారి ఒక ఉత్తరం ముక్క, అంతే.

ఆ రోజుల్లో నియమాలూ అలాగే రాసుకున్నారు. దౌత్య సంబంధాలపై 1961 నాటి వియన్నా ఒప్పందంలోని 41వ అధికరణం రెండు మాటలు చెబుతుంది. దౌత్యవేత్తలు తామున్న దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదు. అధికారిక పనులన్నీ ఆ దేశ విదేశాంగ శాఖతో, లేదా దాని ద్వారా జరపాలి. అదే ఒప్పందంలోని 3వ అధికరణం మాత్రం స్నేహ సంబంధాలు పెంచడం ఎంబసీ విధుల్లో ఒకటి అంటుంది. ఒక ట్వీటు స్నేహం పెంచే పనా, విదేశాంగ శాఖను దాటేసి జనంతో మాట్లాడటమా? ఒప్పందం రాసినవాళ్లకు ఈ సందేహం వచ్చే అవకాశమే లేదు. ఇప్పుడు ఎవరికి ఎటు అనుకూలంగా ఉంటే అటు చదువుకుంటున్నారు.

ఈ తగవు అసలు రూపం చూడాలంటే మళ్లీ బీజింగ్‌కే వెళ్లాలి. 2008లో అమెరికా ఎంబసీ అక్కడ తన ఆవరణలో గాలిని కొలిచే యంత్రం ఒకటి పెట్టింది. తమ సిబ్బంది ఆరోగ్యం కోసం అన్నది వాళ్లు చెప్పిన కారణం. గంట గంటకూ పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగిపోయే సన్నటి ధూళి ఎంతుందో ‘బీజింగ్ ఎయిర్’ అనే ట్విటర్ ఖాతాలో దానంతట అదే పడేది. వ్యాఖ్యానం లేదు, ప్రజాస్వామ్యం మీద ఉపన్యాసం లేదు. తేదీ, గంట, అంకె, ఆ అంకెకు అర్థం ఏమిటో ఒకటి రెండు మాటలు. 2010 నవంబర్‌లో ఒకరోజు గాలి కాలుష్య సూచీ 500 దాటింది. అంత పైన ఏం అనాలో ప్రామాణిక పట్టికలో లేదు. యంత్రానికి ప్రోగ్రాం రాసినవాళ్లు ఎప్పుడో సరదాకు పెట్టిన ‘పిచ్చి పిచ్చిగా ఉంది’ లాంటి మాట బయటికి వచ్చేసింది. ఎంబసీ దాన్ని తర్వాత తీసేసింది కానీ అప్పటికే ఊరంతా పాకింది.

ట్విటర్ చైనాలో 2009 నుంచే బంద్. అయినా ఆ అంకెలను ఫోన్ యాప్‌లు, వీబో ఖాతాలు ఎత్తి పెట్టేవి. చైనా ప్రభుత్వం అప్పట్లో జనానికి చెప్పే లెక్కల్లో పీఎం 2.5 లేదు, దానికన్నా మోటు ధూళి మాత్రమే ఉండేది. కాబట్టి ఒకే రోజు, ఒకే ఊరి గాలికి రెండు వేర్వేరు మాటలు వినిపించేవి. కిటికీ తీసి చూస్తే ఏది నిజమో తెలుస్తూనే ఉంటుంది. 2011 చివర్లో లక్షలాది అనుచరులున్న రియల్ ఎస్టేట్ వ్యాపారి పాన్ షీయీ ఎంబసీ అంకెలను తన వీబోలో పంచి, పీఎం 2.5ను ప్రభుత్వమూ కొలవాలా అని పోల్ పెట్టాడు. పాల్గొన్నవాళ్లలో అత్యధికులు కొలవాలన్నారు. 2012 జనవరిలో బీజింగ్ నగరం ఆ లెక్కలు వెల్లడించడం మొదలుపెట్టింది. 2013 జనవరికి 74 నగరాలు ఆ బాట పట్టాయి.

మధ్యలో 2012 జూన్‌లో చైనా పర్యావరణ శాఖ ఉప మంత్రి వూ షియావోచింగ్, విదేశీ ఎంబసీలు గాలి లెక్కలు బయటపెట్టడం వియన్నా ఒప్పందానికి విరుద్ధమని, ఆపాలని బహిరంగంగా డిమాండ్ చేశారు. అమెరికాలోని చైనా ఎంబసీ కూడా అక్కడి గాలి కొలిచి చెప్పుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదని అవతలి నుంచి జవాబు. ఏడు నెలలు దాటాక, 2013 జనవరి 12న, ఎంబసీ యంత్రం చూపిన సూచీ 755.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అమెరికా గురించి ఒక్క మంచి మాట కూడా ఆ ఖాతాలో లేదు. అయినా ఆ దశాబ్దంలో చైనా మధ్యతరగతి అమెరికా ఎంబసీని నమ్మడానికి అంతకన్నా పెద్ద కారణం మరొకటి వెతకడం కష్టం. ఊరివాళ్లకు పిల్లల్ని బయటికి పంపాలా వద్దా అన్న రోజువారీ ప్రశ్న ఉంది. దానికి నమ్మదగిన జవాబు వేరేచోట దొరకలేదు, ఎంబసీ దగ్గర దొరికింది. ఈ యంత్రాలను తర్వాత చాలా దేశాలకు విస్తరించారు. మన దేశంలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైతో పాటు హైదరాబాద్ కాన్సులేట్‌లోనూ పెట్టారు. ఎంబసీ కొలతలు మొదలైన నగరాల్లో పీఎం 2.5 ఘనపు మీటరుకు 2 నుంచి 4 మైక్రోగ్రాముల మేర తగ్గిందని 2022లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. 2025 మార్చిలో అమెరికా విదేశాంగ శాఖ నిధుల కొరత పేరుతో ఈ లెక్కల ప్రసారాన్ని నిలిపేసింది. నాట్యాలకు, పండుగ శుభాకాంక్షలకు మాత్రం కొరత రాలేదు.

నాట్యాల సంగతి తెలుగువాళ్లకు బాగానే తెలుసు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని దక్షిణ కొరియా ఎంబసీ, రాయబారి చాంగ్ జే బోక్‌తో సహా, ‘నాటు నాటు’ పాటకు స్టెప్పులేసి వీడియో పెట్టింది. ప్రధాని మోదీ మెచ్చుకుంటూ స్పందించారు. మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చాక జర్మనీ రాయబారి ఫిలిప్ ఆకర్‌మాన్ తన సిబ్బందితో పాత ఢిల్లీ వీధిలో అదే స్టెప్పు వేసి, తర్వాత ఎవరు అని మిగతా ఎంబసీలకు సవాలు విసిరారు. పాట తీసింది మాత్రం కీవ్‌లో, ఉక్రెయిన్ అధ్యక్ష భవనం ముందు, యుద్ధానికి కొన్ని నెలల ముందు. ఆ వీడియోలు చూసి నవ్వుకున్నవాళ్లలో ఎంతమందికి ఆ విషయం గుర్తొచ్చిందో.

బ్రిటన్‌వాళ్లది తిండి దారి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్‌గా 2017 నుంచి 2022 దాకా హైదరాబాద్‌లో ఉన్న ఆండ్రూ ఫ్లెమింగ్ బిర్యానీ, ఇరానీ చాయ్ పోస్టులతో నగరంలో చాలామందికి ఇంటిమనిషయ్యారు. 2021 ఆగస్టులో ఢిల్లీ హైకమిషనర్ అలెక్స్ ఎల్లిస్ బెంగళూరులో మసాలా దోసెను ఫోర్కుతో తిన్న ఫొటో పెట్టారు. చేత్తో తినాలా, ఫోర్కుతోనా అని పోల్ పెట్టి, మర్నాడు చేత్తో తింటూ వీడియో పెట్టి, 92 శాతం మంది చెప్పిందే నిజమని ఒప్పుకున్నారు. చక్కటి నాటకం. ఎవరికీ నష్టం లేదు.

నెల తిరిగేసరికి బ్రిటన్ కొత్త ప్రయాణ నిబంధనలు వచ్చాయి. ఆస్ట్రాజెనెకా టీకానే అప్పట్లో మన దగ్గర పుణెలో కోవిషీల్డ్ పేరుతో తయారయ్యేది. అది రెండు డోసులు వేసుకున్న భారతీయుణ్ని కూడా టీకా వేసుకోనివాడిగానే లెక్కగట్టి క్వారంటైన్‌లో పెడతామన్నారు. దోసె వీడియోకు చప్పట్లు కొట్టిన ఖాతాల నుంచే ఎల్లిస్‌కు నిలదీతలు మొదలయ్యాయి. సమస్య టీకాతో కాదు, సర్టిఫికెట్‌తో అని ఆయన వివరించబోయారు. వినేవాడు లేడు. అక్టోబర్ 4 నుంచి భారత్ కూడా బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకు క్వారంటైన్ విధించింది. మూడు రోజులకు లండన్ దిగొచ్చి, అక్టోబర్ 11 నుంచి కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకు క్వారంటైన్ ఉండదంది. ఆ మాట ఎల్లిస్ తన ఖాతాలోనే ప్రకటించారు. దోసె వల్ల జరిగిన మేలు ఏదైనా ఉంటే అది ఇదే: కోపం వచ్చినప్పుడు ఎవరిని అడగాలో జనానికి ముందే తెలిసి ఉంది. పరిచయం కోపాన్ని తగ్గించదు, దానికి చిరునామా మాత్రం ఇస్తుంది.

ఎంబసీ పోస్టుకు ఇంకో పేచీ ఉంది. అది ఎవరి కోసం రాశారో వాళ్లొక్కరే చదవరు. 2012 సెప్టెంబర్‌లో కైరోలోని అమెరికా ఎంబసీ మీద ఆందోళనకారులు దాడి చేశాక, ఈజిప్టు రాజకీయ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ తన ఇంగ్లిష్ ట్విటర్ ఖాతాలో ఎంబసీ సిబ్బంది క్షేమంగా ఉన్నందుకు ఊరట ప్రకటించింది. అరబిక్ ఖాతాల్లో మాత్రం ఆందోళనలకు వంత పాడుతోంది. థాంక్స్, మీ అరబిక్ ఖాతాలు కూడా ఓసారి చూసుకోండి, మేం అవీ చదువుతాం అని ఎంబసీ బహిరంగంగానే చురక వేసింది. ఎదుటివాడి రెండు నాలుకలు పట్టుకోవడం బాగానే ఉంది. అదే సూత్రం ఎంబసీలకూ వర్తిస్తుంది.

2018లో కెనడాకు అది అనుభవంలోకి వచ్చింది. సౌదీ అరేబియాలో సమర్ బదావీతో పాటు మహిళా హక్కుల కార్యకర్తల అరెస్టులపై కెనడా విదేశాంగ మంత్రి ఆగస్టు 2న, విదేశాంగ శాఖ 3న ట్వీట్లు చేశాయి. వాళ్లను వెంటనే విడుదల చేయాలన్నది సారాంశం. అప్పటిదాకా రియాద్ పెద్దగా కదల్లేదు. 5వ తేదీన రియాద్‌లోని కెనడా ఎంబసీ అదే విషయాన్ని అరబిక్‌లో పెట్టింది. ఆ రాత్రే సౌదీ విరుచుకుపడింది. కెనడా రాయబారికి 24 గంటల గడువు ఇచ్చి వెళ్లిపొమ్మంది. కొత్త వాణిజ్యం ఆపేసింది, టొరంటో విమానాలు రద్దు చేసింది, కెనడాలో చదువుకుంటున్న తన విద్యార్థుల్ని వెనక్కి రమ్మంది. రాయబారుల మార్పిడి మళ్లీ కుదిరింది 2023 మేలో.

కెనడా అరెస్టులను ఖండించడం కొత్త కాదు. ఒట్టావాలో ఇంగ్లిష్‌లో అంటే అది కెనడా ఓటర్లతో మాట్లాడుకోవడం. రియాద్‌లో, అరబిక్‌లో అంటే సౌదీ పౌరుడితో అతని రాజు తలమీదుగా మాట్లాడటం. సౌదీ స్పందన మరీ అతి అన్నది నిజమే. కానీ దాన్ని రెచ్చగొట్టింది ఏమిటో అర్థం కాకపోదు. విడుదల కావాల్సిన మహిళలకు ఆ ట్వీటు వల్ల ఒరిగింది లేదు. ఇది ఆ మాట అనకూడదనడానికి కారణం కాకపోవచ్చు కానీ, ఎవరి మేలు కోరి అన్నామన్న ప్రశ్నకు మాత్రం కెనడా దగ్గర సూటి జవాబు లేకపోయింది.

ఒక్కోసారి మూడో దేశమూ చదువుతుంది. 2024 జనవరిలో పాకిస్తాన్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ జేన్ మారియట్ పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోని మీర్‌పూర్ వెళ్లి ఫొటో పెట్టారు. బ్రిటన్‌లో ఉన్న పాకిస్తానీ మూలాలవాళ్లలో చాలామందిది మీర్‌పూరే కాబట్టి ఆమెకు అది సహజమైన పర్యటన. ఢిల్లీలో మాత్రం బ్రిటిష్ హైకమిషనర్‌ను పిలిచి నిరసన తెలిపారు.

అసలు ఎదుటివాళ్ల కోసం రాయనే రాయని ఖాతాలూ ఉన్నాయి. చైనా దౌత్యవేత్త ఝావో లీజియాన్ ఇస్లామాబాద్ ఎంబసీలో రెండో స్థానంలో ఉండగా 2019లో అమెరికా మాజీ జాతీయ భద్రతా సలహాదారు సుసాన్ రైస్‌తో ట్విటర్‌లో తలపడ్డారు. ఆమె ఆయన్ను జాత్యహంకారి అని తిట్టారు. ఆయన బీజింగ్‌కు విదేశాంగ శాఖ ప్రతినిధిగా ప్రమోషన్ మీద వెళ్లారు. మిగతా చైనా దౌత్యవేత్తలు దీన్నుంచి ఏం నేర్చుకుంటారో వేరే చెప్పాలా? 2016లో లండన్‌లోని రష్యా ఎంబసీ సిరియాలోని అలెప్పో దగ్గర తీవ్రవాదులకు రసాయన ఆయుధాల ట్రక్కులు చేరాయంటూ ఒక వీడియో గేమ్‌లోని బొమ్మను అతికించింది. బొమ్మ ఉదాహరణకే అని అందులోనే రాసుకుంది కూడా. బ్రిటిష్ పాఠకుణ్ని ఒప్పించడానికి ఎవరూ అలా చేయరు. పేరు రావాలి, మాస్కోలో ఎవరో మెచ్చుకోవాలి.

ఎవరి వేదిక మీద నిలబడి మాట్లాడుతున్నామన్నది ఇంకో చిక్కు. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తర్వాత బీజింగ్‌లోని భారత ఎంబసీ మన ప్రధాని మాటలను, విదేశాంగ శాఖ ప్రకటనను చైనా వేదికల్లో పెడితే వీచాట్‌లో అవి మాయమయ్యాయి. రాసినవారే తొలగించారని అక్కడ నోటీసు కనిపించింది. ఎంబసీ తొలగించలేదు. వీబోలో పోయినదాన్ని ఫొటో రూపంలో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. చైనా రాయబారులు మాత్రం తమ దేశం నిషేధించిన ట్విటర్‌లో నిక్షేపంగా రాసుకుంటున్నారు.

భారత్ విదేశాంగ శాఖ 2006లో ప్రజా దౌత్య విభాగం పెట్టి, 2010లో ట్విటర్‌లోకి వచ్చింది. ఉద్దేశం ప్రపంచానికి మన గురించి చెప్పడం. జరిగింది వేరు. 2011లో లిబియాలో చిక్కుకున్నవాళ్ల బంధువులు ఆ ఖాతాకే రాయడం మొదలుపెట్టారు. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రి అయ్యాక అదే ప్రధాన పని అయింది. అంగారక గ్రహం మీద చిక్కుకున్నా అక్కడి భారత ఎంబసీ సాయపడుతుందని 2017లో ఆమె చేసిన ట్వీటు అందరికీ గుర్తుంది. ఫ్రిజ్ చెడిపోయిందని ఫిర్యాదు చేసినతనికి, సోదరా, ఆపదలో ఉన్న మనుషులతోనే తీరిక లేదు అని జవాబిచ్చిందీ ఆమే. విదేశీయుల కోసం తెరిచిన కిటికీ దగ్గర మనవాళ్లే క్యూ కట్టారు. దీన్ని వైఫల్యం అనుకోవడం పొరపాటు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు లాక్కున్న యజమాని చేతిలో ఇరుక్కున్న కరీంనగర్ కూలీకి దేశ ప్రతిష్ఠ గురించిన వీడియోతో పనిలేదు.

అయితే సేవగా మారిన ఖాతాకు సేవకు తగ్గ స్పష్టత కావాలి. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని భారత ఎంబసీ, ఉండటం తప్పనిసరి కాని విద్యార్థులు తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించవచ్చని సలహా ఇచ్చింది. వెళ్లమనా, ఉండమనా? క్లాసులు ఆన్‌లైన్‌లో లేవు, హాజరు పోతే కోర్సు పోతుంది, టికెట్ల ధరలు మండుతున్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్‌కు వెళ్లిన పిల్లలు, ఇక్కడ వాళ్ల తల్లిదండ్రులు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని రోజులు లెక్కపెట్టారు. 24న యుద్ధం మొదలైంది. మార్చి 2న ఖార్కివ్ గురించి వచ్చిన పోస్టులో ఎక్కడా నీళ్లు నమలడం లేదు: వెంటనే ఖార్కివ్ వదలండి, సాయంత్రం 6 గంటల్లోగా పెసోచిన్, బాబాయె, బెజ్‌ల్యుదోవ్కా చేరండి, బండి దొరక్కపోతే నడవండి. పెసోచిన్ 11 కిలోమీటర్లు, బెజ్‌ల్యుదోవ్కా 16. అంతకుముందు రోజే ఆ నగరంలో కర్ణాటక వైద్య విద్యార్థి ఒకరు దాడిలో చనిపోయాడు. పిల్లలు మంచులో నడిచారు. మొత్తంమీద సుమారు 22,500 మంది క్షేమంగా వచ్చారు. ఒకే ఖాతా, పదిహేను రోజుల తేడాలో రాసిన ఆ రెండు ప్రకటనలను పక్కపక్కన పెట్టి దౌత్య శిక్షణలో పాఠం చెప్పొచ్చు.

ఇక తెలుగువాళ్లు రోజూ చూసే ఎంబసీ ఖాతా ఏదంటే అమెరికాదే. హైదరాబాద్ కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023లో నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది. జాజ్ సంగీతం గురించి పెట్టినా, అంతరిక్షం గురించి పెట్టినా కింద వచ్చే ప్రశ్నలు ఒకటే రకం: వీసా స్లాట్లు ఎప్పుడు వదులుతారు, 221జి (అదనపు పరిశీలన పేరుతో వీసా ఆపడం) పెట్టి నెలలైంది, నా పాస్‌పోర్టు ఎక్కడ? జిరాఫీల పోస్టు కింద చైనా మదుపర్లు చేసిన పనే ఇదీ, కాకపోతే ఇక్కడ అడుగుతున్నది సరైన ఆఫీసునే.

2025 నుంచి ఢిల్లీ ఎంబసీ పోస్టుల గొంతు మారింది. అంతకుముందు రాయబారి ఎరిక్ గార్సెట్టి దీపావళికి హిందీ సినిమా పాటకు చిందేసిన ఖాతాల్లోనే, గడువు దాటి ఉంటే పంపించేస్తాం, వీసా హక్కు కాదు అన్న హెచ్చరికలు వరసకట్టాయి. ఆ మాటలు ఎంబసీలో పుట్టినవి కావు, వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారింది. రాయబారి వ్యక్తిత్వంతో నడుస్తున్నట్టు కనిపించిన పేజీ ఎవరి సొత్తో అప్పుడు తేలుతుంది.

వీసా దరఖాస్తులో ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలన్న నిబంధన 2019 నుంచే ఉంది. 2025 జూన్‌లో ఎఫ్, ఎం, జె వీసాలకు దరఖాస్తు చేసే విద్యార్థులు, పరిశోధకులు ఖాతాలను పబ్లిక్‌గా మార్చాలన్నారు. డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్లకూ వర్తింపజేశారు. ఇంటర్వ్యూ కోసం సెలవు పెట్టి ఇండియా వచ్చినవాళ్ల అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. పాత తేదీకి వస్తే లోపలికి రానివ్వబోమన్న హెచ్చరికను ఎంబసీ ఎక్స్‌లోనే పెట్టింది. ఉద్యోగం అమెరికాలో, మనిషి అమీర్‌పేటలో ఇరుక్కున్న ఆ నెలల్లో ఆ పేజీని రోజుకు పదిసార్లు తెరిచి చూసినవాళ్లకు కొదవ లేదు. అక్కడ కోపంగా ఒక వ్యాఖ్య రాయాలంటే మాత్రం, తన పబ్లిక్ ఖాతాను రేపు తెరిచి చూసేది అదే కార్యాలయం అన్న సంగతి అడ్డొస్తుంది. పేజీ ఎంతమంది చూశారో లెక్కగట్టి వాషింగ్టన్‌కు పంపే నివేదికలో ఈ రాకపోకలన్నీ ఆదరణ కిందే జమవుతాయి.